గృహవిద్యలో విజ్ఞానజిజ్ఞాస: శంకుచ్ఛాయ చెప్పే సాక్ష్యం

పిల్లలను బడికి పంపక ఇంటి వద్దనే చదువు చెప్పించే వైదిక కుటుంబాలు మెతుకుసీమలో నేటికీ కొన్ని ఉన్నాయి. తండ్రి వద్ద సంధ్యావందనం, సూక్తాలు, అమరకోశం, శబ్దాలు. తల్లి వద్ద తెలుగు వాచకం, ఎక్కాలు, భిన్నాలు. ఈ క్రమంలో పెరిగే పదేళ్ల బాలునికి ఏదో ఒక ధనుర్మాసంలో ఒక సందేహం కలుగక మానదు. సంక్రాంతితో ఉత్తరాయణం ఆరంభమవుతుందని అతనికి చెప్పారు. కాని పెరటిలోని తులసికోట నీడ డిసెంబరు 22 దాటిన కొన్నాళ్లకే మధ్యాహ్న వేళ కురచ కావడం మొదలవుతుంది. సంక్రాంతికి ఇంకా ఇరవై రోజులకు పైగా గడువున్నది. "నాన్నగారూ, సూర్యుడు ఉత్తరానికి తిరిగే ఉన్నాడు కదా, మరి సంకల్పంలో ఇంకా దక్షిణాయనే అని ఎందుకు చదువుతున్నారు?" అని ఆ బాలుడు అడుగుతాడు.

ఇది అల్పమైన ప్రశ్న కాదు. సంకల్పం అంటే దేవుని ఎదుట దేశకాలాలను ఉచ్చరించి చేసే ప్రతిజ్ఞ. అందులో పలికే కాలం యథార్థమా కాదా అని ఆ పసివాడు అడుగుతున్నాడు. ఇటువంటి ప్రశ్న బడిలో వస్తే దానికి ఉపాధ్యాయుడు ఉన్నాడు, పుస్తకం ఉన్నది, తోటి విద్యార్థులు ఉన్నారు. ఇంట చదివే పిల్లవానికి ఇవేవీ లేవు; ఉన్నది తండ్రి ఒక్కడే. ఆ ఒక్కడు తలుపు మూస్తే బాలునికి మరొక తలుపు లేదు. గృహవిద్యను స్వీకరించిన తల్లిదండ్రుల బాధ్యత ఇక్కడ ద్విగుణమవుతున్నది.

సామాన్యంగా ఇళ్లలో వినవచ్చే సమాధానాలు రెండు. "పెద్దలకు తెలియదనుకున్నావా, పోయి మంత్రపుష్పం వల్లె వేసుకో" అనేది మొదటిది. "ఇవన్నీ మన ఋషులు ఎన్నడో చెప్పారు, ఇప్పటి వాళ్లు కొత్తగా కనిపెట్టినదేమున్నది" అనేది రెండవది. మొదటిది ప్రశ్నను దండిస్తుంది. రెండవది ప్రశ్నను మెచ్చుకొన్నట్లే కనిపించి దానిని నిద్రపుచ్చుతుంది. నిజానికి రెండవదే ఎక్కువ హాని చేస్తుంది. దండన పొందిన బాలుడు రహస్యంగానైనా మళ్లీ ఆలోచిస్తాడు; అంతా తెలిసిపోయిందని నమ్మినవాడు ఇక ఆలోచించడు.

మూడవ మార్గం శాస్త్రంలోనే ఉన్నది. అది కొలవమని చెబుతుంది.

సిద్ధాంత గ్రంథాలలో శంకువు పన్నెండు అంగుళాల ప్రమాణం కలది. ఇంట్లో అంత కచ్చితమైన శంకువు లేకపోయినా ఒక మీటరు పొడవు గల నిటారైన కర్ర చాలు. సమతలమైన నేలపై దానిని లంబంగా నాటి, చుట్టూ ఒక వృత్తం గీయాలి. పూర్వాహ్ణంలో నీడ కొన వృత్తాన్ని తాకి లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, అపరాహ్ణంలో వృత్తాన్ని తాకి వెలుపలికి పోయే చోట మరొక గుర్తు పెట్టి, రెండింటినీ కలిపితే అది తూర్పుపడమరల రేఖ. యజ్ఞవేదికకూ ఆలయ నిర్మాణానికీ దిక్సాధన ఈ విధంగానే జరిగేది. ఆ రేఖకు లంబంగా ఉత్తరదక్షిణ రేఖ గీస్తే, నీడ దానిపై పడిన క్షణమే ఆ ఊరికి నిజమైన మధ్యాహ్నం. గడియారం చూస్తే అప్పుడు పన్నెండు కాదని బాలుడు గమనిస్తాడు. మెదక్ పట్టణంలో సగటున పన్నెండుంబావు దాటుతుంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానికి చెందినది, మెదక్ అంతకు నాలుగు డిగ్రీలకు పైగా పడమట ఉన్నది. పంచాంగకర్తలు దేశాంతర సంస్కారం అని దేనిని అంటారో అది బాలునికి ఒక్క పూటలో, పుస్తకం తెరవకుండానే తెలిసిపోతుంది.

ఇప్పుడు ప్రతి పది రోజులకొకసారి మధ్యాహ్నచ్ఛాయ పొడవును ఒక నోటు పుస్తకంలో వ్రాయించాలి. మెదక్ అక్షాంశం 18 డిగ్రీలకు కొద్దిగా పైన. మీటరు కర్ర నీడ డిసెంబరు 22 ప్రాంతంలో దాదాపు 88 సెంటీమీటర్లు ఉంటుంది. సంక్రాంతి నాటికి అది 82కు తగ్గుతుంది. ఆరు సెంటీమీటర్ల తేడా పదేళ్ల పిల్లవాని చేతి కొలతకు స్పష్టంగా అందుతుంది. విషువత్తునాడు, అంటే మార్చి 20, 21 తేదీలలో, అదే నీడ ముప్ఫై మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. పన్నెండు అంగుళాల శంకువుకైతే నాలుగు అంగుళాలకు స్వల్పంగా తక్కువ. దీనికే పలభ అని పేరు, దీని నుండే ఊరి అక్షాంశాన్ని సాధిస్తారు. మే 12 ప్రాంతంలో మధ్యాహ్నం నీడే ఉండదు. ఆ తరువాత ఆగస్టు 1 ప్రాంతం వరకు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. ఈ చివరి సంగతి చాలామంది పెద్దలకు తెలియదు. కర్కటరేఖకు దక్షిణాన నివసిస్తూ, ప్రతి ఉదయం సూర్యునికి అర్ఘ్యమిస్తూ, ఏడాదిలో రెండున్నర నెలలకు పైగా ఆ సూర్యుడు మధ్యాహ్నవేళ తమకు ఉత్తరాన నిలిచి ఉంటాడని గమనించని వారు ఎందరో ఉన్నారు.

కాబట్టి బాలుడు చెప్పినది సత్యం. సూర్యుడు డిసెంబరులోనే మరలినాడు. అప్పుడు తండ్రి చేయవలసినది వరాహమిహిరుని తెరవడం. ఆరవ శతాబ్దానికి చెందిన ఆ ఆచార్యుడు బృహత్సంహితలోని ఆదిత్యచారాధ్యాయంలో ఒక విశేషం చెప్పాడు. పూర్వగ్రంథాల ప్రకారం ఉత్తరాయణం ధనిష్ఠాది నుండి ఆరంభమయ్యేదని, తన కాలంలో అది మకరాది నుండి ఆరంభమవుతున్నదని, ఈ మార్పును సందేహించేవారు ప్రత్యక్షంగా పరీక్షించుకోవాలని ఆయన అభిప్రాయం. పరీక్షకు ఆయన చెప్పిన మార్గాలు కూడా గమనించదగినవి: ఉదయాస్తమయాలలో సూర్యబింబం దిగంతంలో ఎక్కడ ఉన్నదో దూరపు గుర్తుతో చూడటం, పెద్ద మండలంలోకి శంకుచ్ఛాయ ప్రవేశించే, నిర్గమించే చోట్లను గుర్తించడం. మెదక్‌లో ఒక బాలుడు పెరటిలో గీసిన వృత్తం అక్షరాలా అదే. ఆ బాలుడు శాస్త్రాన్ని ధిక్కరించలేదు. పదునాలుగు వందల ఏళ్లకు పూర్వం ఒక ఆచార్యుడు పెట్టిన పరీక్షను తెలియకుండానే వ్రాశాడు.

భూమి అక్షం తిరిగే బొంగరం మొన వలె మెల్లగా వలయం చుడుతున్నది. ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు పడుతుంది, అంటే దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ. నక్షత్రాలను ఆధారంగా చేసుకొన్న నిరయన గణనకూ, ఋతువులను ఆధారంగా చేసుకొన్న సాయన గణనకూ మధ్య నేడు ఏర్పడిన అంతరం ఇరవై నాలుగు డిగ్రీలు. సుమారు 1700 ఏళ్ల క్రితం మకర సంక్రమణమూ ఉత్తరాయణారంభమూ ఒక్కటిగా ఉండేవి. నేడు అవి విడిపోయి ఇరవై నాలుగు దినాల దూరం జరిగాయి. దీనిని అయనాంశ అంటారు. మరి సంకల్పం మాట ఏమిటి? సమాజమంతా ఒకే దినాన పర్వం జరుపుకోవడానికి నిరయన సంప్రదాయాన్ని అనుసరిస్తున్నామని, ఋతువుతో అది జారుతున్న మాట నిజమేనని, దీనిని ఎలా సవరించాలన్న విషయంలో పండితుల మధ్య వివాదం తీరలేదని తండ్రి దాపరికం లేకుండా చెప్పాలి. మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1957 నుండి రాష్ట్రీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అయినా ఇళ్లలో, ఆలయాలలో పాత క్రమమే నడుస్తున్నది. "ఇది ఇంకా తేలలేదు నాయనా, నీవు పెద్దవాడివై తేల్చు" అని చెప్పగలిగిన తండ్రి ఆ బాలునికి ఇచ్చినది చిన్న ఆస్తి కాదు.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి వినవలసి ఉన్నది. ఈ విధంగా ప్రతిదీ కొలవనిస్తే రేపు బాలుడు దేవుణ్ణి కూడా కొలవబోడా, శ్రద్ధ నశించదా, నాస్తికుడు కాడా అని ఆస్తికులైన తల్లిదండ్రులు భయపడతారు. ఈ భయాన్ని పరిహసించడం తగదు. బడి చదువుల వెంట ఆచారం వదలిన కుటుంబాలను వారు కళ్లారా చూశారు. ఇంటనే చదివించాలని నిర్ణయించుకొన్నది అందుకే. అయినా ఈ భయానికి మూలమైన భావన వేదాంతసమ్మతం కాదు. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయ భాష్యంలో శంకర భగవత్పాదులు ఈ సరిహద్దును స్పష్టంగా గీశారు. నిప్పుకు వేడి లేదని చెప్పే మాట వేదంలో ఎన్నిసార్లు ఉన్నా అది ప్రమాణం కాజాలదని, ప్రత్యక్షాదులకు అందని విషయంలోనే శ్రుతికి ప్రామాణ్యమని వారి నిర్ణయం. కంటికి కన్ను ప్రమాణం, చెవికి చెవి ప్రమాణం. నీడ పొడవు కంటి విషయం. ధర్మమేది, ఆత్మ ఏది అన్నది శ్రుతి విషయం. నీడ విషయంలో వేదాన్ని సాక్ష్యానికి పిలవడం వేదానికి గౌరవం కాదు, పరీక్షలో ఓడిపోయే చోట దానిని నిలబెట్టడం. తన విశ్వాసం సంక్రాంతి తేదీ మీద ఆధారపడి ఉన్నదని నేర్చుకొన్న బాలుడు ఆ తేదీ కదలగానే విశ్వాసాన్ని కూడా పారవేస్తాడు. నాస్తికత్వానికి దారి వేసినది ఎవరు? కర్రను నాటిన బాలుడా, రెండింటినీ ముడివేసిన పెద్దలా?

మరికొందరు అతిప్రశ్న అనే మాటను అడ్డు తెస్తారు. బృహదారణ్యకంలో గార్గి ప్రశ్నపై ప్రశ్న వేస్తూ పోతే యాజ్ఞవల్క్యుడు ఆమెను హెచ్చరించిన సంగతి నిజం. ఈ కథ చెప్పేవారు సాధారణంగా అక్కడితో ఆపుతారు. అదే సభలో గార్గి మళ్లీ లేచి నిలిచి మరి రెండు ప్రశ్నలు వేసింది, యాజ్ఞవల్క్యుడు అక్షరతత్త్వాన్ని ఉపదేశించినది ఆ ప్రశ్నలకే. ఆమె నోరు మూసుకొని ఉంటే అక్షరబ్రాహ్మణం మనకు ఉండేది కాదు. పైగా ఆ హెచ్చరిక తర్కంతో తెలియని దేవతావిషయానికి సంబంధించినది. చంద్రుడు ఎందుకు క్షీణిస్తాడు, గ్రహణం ఎందుకు పడుతుంది అన్న పిల్లల ప్రశ్నలకు దానిని వర్తింపజేయడం సోమరితనానికి శాస్త్రం ముసుగు వేయడమే. ఇంట చదివే ఆడపిల్లల విషయంలో ఈ ముసుగు మరీ త్వరగా పడుతుందన్నది కూడా ఒప్పుకోవలసిన మాట.

గ్రహణం మాట వచ్చింది కనుక: క్రీ.శ. 499 ప్రాంతంలో, ఇరవై మూడేళ్ల వయస్సులో, ఆర్యభటుడు గ్రహణాలకు భూమి నీడ, చంద్రుని అడ్డు కారణాలని వ్రాశాడు. వరాహమిహిరుడు కూడా రాహువు కారణం కాదనే చెప్పాడు. గ్రహణస్నానం, జపం, దానం చేసే ఇంట్లో ఈ ఇద్దరి పేర్లు చెప్పడానికి సంకోచమెందుకు? స్నానజపాలు ధర్మశాస్త్ర నియమాలు, బింబం మసకబారడం ఛాయాగణితం. ఒకటి మరొకదానిని తొలగించదు. పిల్లలు సూర్యబింబాన్ని సూటిగా చూడకుండా కాపాడాలి. వేపచెట్టు ఆకుల సందుల నుండి నేలపై పడే వెలుగుచుక్కలు గ్రహణవేళ నెలవంకలుగా మారడం చూపిస్తే చాలు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుండి పరిశీలించాడు. మద్రాసు వేధశాల పక్షాన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వచ్చారు. పంచాంగం గణించే కుటుంబంలో పుట్టిన ఆ ఆచార్యులు అంతకు ముందు ఏడే ఒక కొత్త చరకాంతి నక్షత్రాన్ని గుర్తించారు. 1874 శుక్రసంక్రమణం గురించి సిద్ధాంతికీ నవీన పండితునికీ మధ్య సంవాదంగా ఒక చిన్న పుస్తకం వ్రాశారు. ఊర్ధ్వపుండ్రం ధరించిన నొసటి కింది కన్నులు దూరదర్శినిలోకి చూడటం ఈ దేశంలో కొత్త విషయం కాదు.

ఇక రెండవ సమాధానం సంగతి. అన్నీ వేదాలలోనే ఉన్నాయష అన్న మాటను పిల్లల ముందు పలికే ముందు మెతుకుసీమవారు ఒకరిని స్మరించాలి. మెదక్ జిల్లాలోని నేటి కొల్చారమే మల్లినాథసూరి ఇంటిపేరులోని కోలాచలమని ప్రసిద్ధి. రఘువంశాది మహాకావ్యాలకు వ్యాఖ్యలు వ్రాసిన ఆ మహనీయుడు తన వ్యాఖ్యల ఆరంభంలో ఒక నియమం పెట్టుకొన్నాడు: మూలంలో లేనిది వ్రాయడు, అవసరం లేనిది చెప్పడు. ఈ నియమాన్ని ఆయన పుట్టిన సీమలోనే మరచిపోవడం విచారకరం. వేదకాలపు విమానాలకు ఆధారమని చూపే వైమానికశాస్త్రం ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు చెప్పగా వ్రాసినది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 1974లో దానిని పరిశీలించి, అది 1904కు పూర్వపుది కాజాలదని, అందులో వర్ణించిన యంత్రాలు ఎగురలేవని తేల్చారు. వేదగణితం పేరిట ప్రసిద్ధమైన సూత్రాలు తెలిసిన అథర్వవేద పరిశిష్టాలలో కనబడవని 1965లో వెలువడిన ఆ గ్రంథపు పీఠికలోనే సంపాదకుడు చెప్పాడు. ఆ సూత్రాలు లెక్కలకు పనికివస్తాయి, నేర్పించవచ్చు. వేదవాక్యాలని చెప్పడమే తగదు.

నిజంగా వేదాంగంలో ఉన్నది విడిచి లేనిదాని కోసం వెంపర్లాడటం విచిత్రం. కల్పంలో భాగమైన బౌధాయన శుల్బసూత్రం చేతిలో ఉన్నది. దీర్ఘచతురస్రపు కర్ణం మీది వైశాల్యం రెండు భుజాల మీది వైశాల్యాల మొత్తానికి సమానమని అది చెప్పి ఊరుకోదు. మూడు నాలుగు, పన్నెండు అయిదు, పదిహేను ఎనిమిది, ఏడు ఇరవై నాలుగు అని జతలు కూడా ఇస్తుంది. ఒక నులక తాడు, నాలుగు మేకులు ఉంటే పెరటిలో వీటన్నింటినీ పరీక్షించవచ్చు. చతురస్రపు కర్ణానికి శుల్బం ఇచ్చిన విలువ భిన్నంగా వ్రాస్తే 577ను 408తో భాగించినది. కిలోమీటరు భుజం గల చతురస్రంలో కూడా దీని తప్పు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఇది లెక్కించి చూచిన పిల్లవానికి పూర్వుల మీద కలిగే గౌరవం ఎవరూ చెరపలేనిది, ఎందుకంటే అది వాని స్వంత పరీక్షలో తేలినది. శ్యేనచితిలో వెయ్యి ఇటుకలు, అయిదు పొరలు; మొదటి పొరను కాగితంపై గీయమంటే ఒక వేసవి సెలవంత పని. ఇంట చదివేవారికి సెలవులుండవన్నది వేరే సంగతి.

ఇంట తండ్రి కుమారునికి విజ్ఞానం ఎలా చెప్పాలో ఛాందోగ్యోపనిషత్తు ఆరవ ప్రపాఠకం కంటె మంచి ఉదాహరణ దొరకదు. శ్వేతకేతువు పన్నెండేళ్లు గురువు వద్ద చదివి, అన్నీ వచ్చునన్న గర్వంతో ఇరవై నాలుగో ఏట ఇల్లు చేరాడు. అక్కడ నేర్వనిది తండ్రి ఉద్దాలకుడు ఇంట నేర్పాడు. ఎలా నేర్పాడు? మర్రిపండు తెప్పించి పగులగొట్టించాడు, విత్తును చీల్చమన్నాడు, ఏమి కనబడుతున్నదని అడిగాడు. ఉప్పును నీటిలో వేయించి రాత్రి గడిచాక పైన, నడుమ, అడుగున రుచి చూడమన్నాడు. పదిహేను దినాలు నీరు మాత్రమే త్రాగి ఉండమని, ఆపై ఋక్కులు చెప్పమన్నాడు, జ్ఞాపకం రాలేదు. భుజించి వచ్చాక అన్నీ వచ్చాయి. మనస్సు అన్నమయమన్నది ఆ కుమారుడు వినలేదు, అనుభవించాడు. ప్రతి చోటా ముందు చేయించడం, తరువాత ఏమి చూశావని అడగడం, చివర చెప్పడం. మన ఇళ్లలో ఈ క్రమం తలక్రిందులైనది. ముందే చెప్పేస్తారు, చేయించడం ఎన్నటికీ రాదు. ఆ ప్రపాఠకాన్ని స్వరయుక్తంగా వల్లించగల పిల్లవానికి మర్రిపండును కోసి చూచే అవకాశం ఎన్నడూ కలగకపోతే, ఆ అధ్యయనంలో ఏదో లోపించినట్లే.

మర్రిపండు కంటె దగ్గరగా మంజీర ఉన్నది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, ఆగ్నేయంగా ప్రవహించి, మెదక్ ప్రాంతంలో ఉత్తరానికి తిరిగి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. నాగసానిపల్లి సమీపంలో ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గాభవాని ఆలయం. జనమేజయుని సర్పయాగం జరిగిన స్థలమని స్థలపురాణం. శివరాత్రి జాతరకు వెళ్లిన పిల్లవాడు ఏడు పాయలు యాగం వల్ల ఏర్పడినాయా, రాళ్ల వల్లనా అని అడిగితే, నదీగర్భం తడి ఆరిన చోటికి తీసుకొనిపోయి బండలను తాకించాలి. ఈ శిలలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. నది పుట్టిన చోట ఉన్న నల్లరాయి లావా గడ్డకట్టి ఏర్పడినది, దాని వయస్సు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లే. పడమటి నల్లరేగడి, ఇక్కడి ఎర్రనేల ఆ రెండు రాళ్ల సంతానం. కఠినశిల ఎదురైనప్పుడు నీరు పగుళ్ల వెంట దారులు వెదకుకొని చీలుతుంది. ఇది విన్నాక స్థలపురాణం అబద్ధమైపోతుందా? పురాణం ఆ స్థలం ఎందుకు పూజ్యమో చెబుతుంది, రాయి ఆ స్థలం ఎలా ఏర్పడినదో చెబుతుంది. సింగూరు గేట్లు ఎత్తినప్పుడు అమ్మవారి గుడి నీట మునగడం ఏటేటా చూచే పిల్లలకు, నీరు ఎన్ని మెట్లు ఎక్కినది, ఎన్ని రోజులకు దిగినది అన్న లెక్క వ్రాసుకోవడం కూడా అమ్మవారి సేవలో భాగమని చెప్పే అర్చకులు ఉంటే బాగుంటుంది.

గృహవిద్య పక్షాన ఇంత చెప్పిన తరువాత దాని లోపం కూడా చెప్పక తప్పదు. ఒరిస్సాలోని ఖండపడాలో 1835లో పుట్టిన చంద్రశేఖర సింహ సామంతుడు ఇంటనే సంస్కృతం చదివాడు, ఇంటి తాళపత్రాలలో జ్యోతిషం చదివాడు. పంచాంగం చెప్పిన చోట గ్రహం కనబడకపోవడం బాల్యంలోనే గమనించి, వెదురుతో, కర్రతో స్వయంగా యంత్రాలు చేసుకొని ఏళ్ల తరబడి కొలిచాడు. ఆ ఫలితమే సిద్ధాంతదర్పణం. 1899లో కలకత్తాలో అది అచ్చయిన తరువాత విదేశీ పండితులు సైతం ఆ కొలతల సూక్ష్మతకు ఆశ్చర్యపడ్డారు. ఇంతటి ప్రతిభాశాలి గ్రహాలు సూర్యుని చుట్టూ తిరుగుతాయని తనంతట గ్రహించి కూడా, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడన్న భావన వద్దనే నిలిచిపోయాడు. అంతకు మూడు వందల ఏళ్ల పూర్వమే ఐరోపాలో జరిగిన చర్చ ఆయన యౌవనంలో ఆయన గుమ్మం తొక్కలేదు. కొలిచే చేయి ఉన్నది, వాదించే తోడు లేదు. ఇంట చదివే ప్రతి బాలుని ముందున్న ప్రమాదం ఇదే.

అందుచేత తండ్రి తనకు తెలియనిచోట మరొకరి వద్దకు పంపాలి. వేదంలో ఒక శాఖ అధ్యయనానికి పిల్లలను వేరే ఊరు పంపే సంప్రదాయం ఉన్నవారికి, రసాయనశాస్త్రం కోసం పక్కవీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుని వద్దకు పంపడం తలవంపు కాదు. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానిటోరియం ఉన్నది. మెదక్ నుండి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. అదే నగరంలోని నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగి కావడం వల్ల వేణు బప్పు అనే బాలుడు నక్షత్రాల మధ్య పెరిగాడు. 1949లో హార్వర్డులో విద్యార్థిగా ఉండగా ఒక తోకచుక్కను కనుగొన్నాడు. యోగ్యతాపత్రం విషయంలో కూడా దిగులు అక్కరలేదు. ఎన్ఐఓఎస్ అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ పద్నాలుగేళ్లు నిండినవారిని పదవ తరగతి పరీక్షకు అనుమతిస్తాయి, తెలుగులోనే వ్రాయవచ్చు. వేదపాఠశాలలను విద్యాహక్కు చట్టం నుండి 2012 సవరణ మినహాయించింది. చట్టం మినహాయించినంత మాత్రాన జిజ్ఞాస నుండి మినహాయింపు దొరికినట్లు కొన్ని పాఠశాలలు భావించడం చూస్తే బాధ కలుగుతుంది. పదవ తరగతి పరీక్షకు విజ్ఞానశాస్త్రం బదులు సులభమైన మరొక విషయం ఎంచుకోమని పిల్లలకు సలహా ఇచ్చే పెద్దలు కూడా ఉన్నారు. ఆ సలహా వినకూడదు.

ఆలయాలు చేయగల సహాయం ఒకటి ఉన్నది, దానికి ఖర్చు లేదు. ధ్వజస్తంభం కంటె గొప్ప శంకువు ఏ ఇంటి పెరటిలోనూ ఉండదు. ముప్ఫై అడుగుల స్తంభానికి డిసెంబరు 22న మధ్యాహ్నచ్ఛాయ ఇరవై ఆరున్నర అడుగులు, సంక్రాంతి నాటికి ఇరవై నాలుగున్నర. రెండు అడుగుల తేడా ప్రాకారం రాతిపలకల మీద ఎవరికైనా కనబడుతుంది. ఏడాది పొడుగునా ఈ కొలత వ్రాయడానికి పరిసరాల పిల్లలను, ఇంట చదివేవారినీ బడికి వెళ్లేవారినీ కలిపి, పిలవవచ్చు. చిక్కు ఒక్కటే. మే 12 ప్రాంతంలో మెదక్‌లో నీడ మాయమయ్యే క్షణం గడియారం ప్రకారం దాదాపు 12 గంటల 13 నిమిషాలు. ఆ వేళకు చాలా ఆలయాలలో మధ్యాహ్న నివేదన ముగించి తలుపులు మూసివేస్తారు. ఆ రెండు మూడు దినాలు ప్రాకారద్వారాన్ని మాత్రం అరగంట ఎక్కువసేపు తెరచి ఉంచితే, కాళ్లు కాలకుండా గోనెపట్టా పరచి, పిల్లలకు మజ్జిగ ఇస్తే సరిపోతుంది.